గిట్-ఎస్‌వీఎన్‌తో ఆరేళ్లు: మెర్జ్ దగ్గరే తంటా

ఆఫీసులో కోడ్ అంతా సబ్‌వెర్షన్ (ఎస్‌వీఎన్)లో ఉండేది, నాకేమో గిట్ చేతికి అలవాటైపోయింది. రెండూ కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే సిస్టమ్‌లే. సర్వర్ మార్చుదామా అని అడిగితే "ఇప్పుడు కాదు" అన్నారు. ఆ "ఇప్పుడు" ఆరేళ్లు సాగింది. అన్నాళ్లూ నాకూ సర్వర్‌కూ మధ్య, గిట్ వాడుతూనే సబ్‌వెర్షన్ సర్వర్‌తో పని నడిపించే గిట్-ఎస్‌వీఎన్ వంతెనే దిక్కయింది. ఎరిక్ వాంగ్ 2006లో మొదలుపెట్టిన ఈ పెర్ల్ ప్రోగ్రామ్ గిట్ సోర్స్‌లోనే భాగం, కాకపోతే చాలా లినక్స్‌లలో విడి ప్యాకేజీగా పెట్టుకోవాలి.

రోజువారీ పనికి వంక పెట్టను. మొదటి క్లోన్‌కు, అంటే సర్వర్‌లోని హిస్టరీని నా దగ్గరికి దించుకోవడానికి, రెండు రాత్రులు పట్టింది, మధ్యలో ఒకసారి కనెక్షన్ తెగినా ఫెచ్ (సర్వర్ నుంచి తెచ్చే కమాండ్) కొడితే ఆగినచోట నుంచే అందుకుంది. ఆ తర్వాత పొద్దున రీబేస్ (సర్వర్‌లో కొత్తగా వచ్చినవి తెచ్చి వాటిపైన నా పని పేర్చడం), సాయంత్రం డీకమిట్ (నా కమిట్లను, అంటే నమోదు చేసిన మార్పులను, సర్వర్‌కు పంపడం). ఖాళీ ఫోల్డర్లు, ఇగ్నోర్ లిస్టుల లాంటి చిన్న గొడవలున్నాయి కానీ వాటి గురించి రాసేంత లేదు. నన్ను నిజంగా ఏడిపించింది మెర్జ్, అంటే ఒక బ్రాంచ్‌లో విడిగా సాగిన పనిని ఇంకో బ్రాంచ్‌లో కలపడం.

రెండు సిస్టమ్‌లూ మెర్జ్‌ను రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటాయి. గిట్‌లో మెర్జ్ అంటే ఇద్దరు పేరెంట్లున్న (తనకు వెనక ఒకటి కాక రెండు కమిట్లున్న) కమిట్. అంటే "ఆ బ్రాంచ్‌లో ఇక్కడిదాకా ఉన్నదంతా ఇటు వచ్చేసింది" అని అర్థం. సబ్‌వెర్షన్‌లో అలాంటిదేమీ లేదు. 2008లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి మెర్జ్‌ఇన్ఫో అనే ప్రాపర్టీలో "ఫలానా పాత్ నుంచి ఫలానా రివిజన్లు (నంబర్ వేసిన మార్పులు) తెచ్చాం" అని ఒక చిట్టా రాసి పెడుతుంది. చిట్టాలో మధ్యలో ఒక నంబర్ ఎగిరిపోయినా దానికి అభ్యంతరం లేదు. గిట్‌కు ఆ వెసులుబాటు లేదు.

మొదటి దెబ్బ ఆరో నెలలో తగిలింది. సర్వర్‌లో ఉన్న ఒక ఫీచర్ బ్రాంచ్‌ను నా దగ్గరి మాస్టర్ అనే ప్రధాన బ్రాంచ్‌లోకి మెర్జ్ చేశాను. బ్రాంచ్ తీశాక ట్రంక్‌లో (సర్వర్‌లోని ప్రధాన బ్రాంచ్‌లో) ఎవరూ ఏమీ కమిట్ చేయలేదు కాబట్టి గిట్ ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేసింది, అంటే మెర్జ్ కమిట్ పెట్టకుండా మాస్టర్‌ను ఆ బ్రాంచ్ చివరికి జరిపేసింది. దానిపైన వెర్షన్ నంబర్ మారుస్తూ ఒక చిన్న కమిట్ పెట్టి డీకమిట్ కొట్టాను. ఎర్రర్ ఏమీ రాలేదు. గంట తర్వాత టెస్టింగ్ చూసే ఆయన వచ్చి "ట్రంక్‌లో ఏమీ రాలేదేంటండీ?" అన్నారు. చూస్తే ఆ కమిట్ వెళ్లి ఫీచర్ బ్రాంచ్‌లో కూర్చుంది.

కారణం తెలిశాక నవ్వొచ్చింది. వంతెన ప్రతి కమిట్ మెసేజ్ చివర గిట్-ఎస్‌వీఎన్-ఐడీ అని ఒక లైన్ అతికిస్తుంది. అందులో సర్వర్ అడ్రస్, బ్రాంచ్, రివిజన్ నంబర్ ఉంటాయి. డీకమిట్ చేసేటప్పుడు మొదటి పేరెంట్ వెంబడే వెనక్కి నడిచి, తగిలిన మొదటి ఐడీలో ఏ బ్రాంచ్ ఉందో అక్కడికే పంపుతుంది. మన లోకల్ బ్రాంచ్‌కు మాస్టర్ అని పేరుందా, ఇంకోటి ఉందా అన్నది దానికి అక్కర్లేదు. ఫాస్ట్ ఫార్వర్డ్ వల్ల దానికి ముందు తగిలింది ఫీచర్ బ్రాంచ్ ఐడీ. ఎక్కడికి పంపుతోందో అడ్రస్‌తో సహా మొదటి లైన్‌లోనే చెప్పింది కూడా, నేనే చూడలేదు. అప్పటి నుంచి సర్వర్ బ్రాంచ్‌లను మెర్జ్ చేసేటప్పుడు ఫాస్ట్ ఫార్వర్డ్ వద్దని చెప్పే నో-ఎఫ్ఎఫ్ పెట్టడం, డీకమిట్‌కు ముందు ఒకసారి డ్రై రన్ (ఏమీ పంపకుండా చూపించే ఉత్తుత్తి రన్) చేసి ఆ అడ్రస్ చదవడం అలవాటు చేసుకున్నాను.

రెండోది ఇంత గోల చేయలేదు కానీ ఎక్కువ కాలం పీడించింది. లోకల్‌గా పదిహేను కమిట్లతో ఒక పని చేసి, దాన్ని మాస్టర్‌లోకి మెర్జ్ చేసి పంపాను. నా లాప్‌టాప్‌లో గ్రాఫ్ ముచ్చటగా కనిపించింది: రెండు గీతలు విడిపోయి మళ్లీ కలిశాయి. సర్వర్‌కు చేరింది మాత్రం ఒకే ఒక్క రివిజన్, పదిహేను కమిట్ల మార్పులూ ఒకే ముద్దగా. సబ్‌వెర్షన్‌లో ఏ లైను ఏ రివిజన్‌లో మారిందో చెప్పే బ్లేమ్ చూస్తే ఆ ఫైల్లో నేను ముట్టుకున్న ప్రతి లైనుకూ అదే నంబర్.

అంతటితో పోలేదు. ఒకే సర్వర్ నుంచి ఒకే సెట్టింగ్‌లతో ఇద్దరు క్లోన్ చేస్తే మామూలుగా హాష్‌లు (ప్రతి కమిట్‌కూ గిట్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఒకటే వస్తాయి. మేమూ ఆ ధైర్యంతోనే హాష్‌లు చెప్పుకునేవాళ్లం. ఆ మెర్జ్ తర్వాత నా దగ్గర ఆ రివిజన్‌కు ఇద్దరు పేరెంట్లు, పక్క సీటు మిత్రుడి దగ్గర ఒక్కరే. అక్కడి నుంచి పైన వచ్చిన ప్రతి కమిట్ హాష్ ఇద్దరికీ వేరు. "ఈ కమిట్ నా దగ్గర లేదు బాస్" అని వాడు, "సరిగ్గా ఫెచ్ చేశావా?" అని నేను, అరగంట వాదించుకున్నాం. చివరికి రివిజన్ నంబర్లతోనే మాట్లాడుకుందాం అనుకున్నాం. నంబర్ ఇస్తే హాష్, హాష్ ఇస్తే నంబర్ చెప్పే ఫైండ్-రెవ్ కమాండ్ ఉంది కాబట్టి బతికిపోయాం.

దీనికి మందు ఉంది కానీ సగం మందే. పుష్‌మెర్జ్‌ఇన్ఫో అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, మెర్జ్‌ను పంపేటప్పుడు సబ్‌వెర్షన్ చిట్టాను కూడా తనే నింపుతుంది. షరతు ఒకటే: మొదటిది కాక మిగతా పేరెంట్లన్నీ అప్పటికే సర్వర్‌లో ఉండాలి. లోకల్ బ్రాంచ్‌లకు అందుకే ఇది పనికిరాదు, వాటిని రీబేస్ చేసి ఒక్కొక్క కమిట్‌గా పంపడమే మేలు. సర్వర్ బ్రాంచ్‌లకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది.

వెనక్కి వచ్చే దారిలో ఇంకో చిక్కుంది. అవతలివాళ్లు సబ్‌వెర్షన్‌లో చేసిన మెర్జ్‌ల చిట్టాను ఫెచ్ చదివి, కుదిరితే రెండో పేరెంట్‌ను తగిలిస్తుంది. కుదరకపోతే చెర్రీ-పిక్ (కొన్ని మార్పులనే ఏరి తేవడం) ఇగ్నోర్డ్ అని, ఇన్ని కమిట్లు మిస్సింగ్ అని ఒక వార్నింగ్ వేసి ముందుకు పోతుంది. మొదట్లో వీటిని చదవకుండానే వదిలేసేవాణ్ణి. ఒకసారి చూస్తే, బ్రాంచ్‌లోని 42 రివిజన్లలో 41 తెచ్చి, బిల్డ్ నంబర్ మార్చిన ఒక్కదాన్ని కావాలనే వదిలేశారు. మనుషుల లెక్కలో అది పూర్తి మెర్జే, గిట్ లెక్కలో కాదు. ఇక్కడ తప్పు వంతెనది అనను. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడమే నయం.

చివరికి మొన్న సర్వర్ మొత్తం గిట్‌కు మారింది. అప్పుడు కూర్చుని ఆ వార్నింగ్‌లన్నీ ఏరి, నిజంగా మెర్జ్ అనిపించినవాటికి గిట్‌లోని రీప్లేస్ గ్రాఫ్ట్ కమాండ్‌తో రెండో పేరెంట్‌ను చేత్తో అతికించాను. ఆ అతుకులు పుష్‌తో (గిట్ సర్వర్‌కు పంపే కమాండ్‌తో) వాటంతటవి వెళ్లవు, హిస్టరీని తిరగరాసే టూల్‌తో పక్కా చేశాకే అందరికీ కనిపించాయి. ఐడీ లైన్లను మాత్రం తీసేయనివ్వలేదు, పాత బగ్ టికెట్లన్నీ రివిజన్ నంబర్లతోనే ఉన్నాయి మరి. ఒక్క మెర్జ్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎంత వెతికినా తేలలేదు. మెసేజ్‌లో "బ్రాంచ్ మెర్జ్ చేశాను" అని తప్ప ఏ బ్రాంచో లేదు. రాసింది నేనే.