ఫోటోగ్రఫీ సబ్జెక్టుకు ఏది మేలు: ఫోనా, ఫిల్మా, డిజిటలా?

పదహారు, పదిహేడేళ్ల వయసులో ఫోటోగ్రఫీని సబ్జెక్టుగా తీసుకున్నవాళ్లకు మొదట వచ్చే సందేహం కెమెరా గురించే. చేతిలో ఫోను ఉంది కదా, అది చాలదా?

ఫోటో తీయడానికి చాలు, నేర్చుకోవడానికి చాలదు. చాలా ఫోన్లలో ఎపర్చరు, అంటే లెన్సులో వెలుగు లోపలికొచ్చే రంధ్రం, మారదు. పైగా ఒక్కసారి నొక్కితే ఫోను తనంతట తానే కొన్ని ఫ్రేములు తీసి, కలిపి, చీకటిని సర్ది చూపిస్తుంది. బొమ్మ బాగుంటుంది, ఎందుకు బాగుందో మనకు తెలియదు. టీచరు అడిగేదేమో సరిగ్గా అదే.

ఫిల్మ్ సంగతి వేరు. 35 ఎంఎం రోలులో మహా అయితే 36 ఫ్రేములు, కాబట్టి నొక్కేముందు వేలు ఆగుతుంది. డార్క్‌రూములో ఎర్ర లైటు కింద, డెవలపరు ట్రేలోని తెల్ల కాగితం మీద బొమ్మ మెల్లగా తేలడం చూస్తే ఇంకేదీ వద్దనిపిస్తుంది (నాకూ అనిపించింది). కానీ సోమవారం చేసిన తప్పు శుక్రవారం బయటపడుతుంది. ఏ షట్టరు స్పీడు (వెలుగును ఎంతసేపు లోపలికి రానివ్వాలో చెప్పే సెట్టింగు) పెట్టామో రాసుకోకపోతే అప్పటికి గుర్తుండదు. డెవలప్ చేయడానికి ఫిల్మును రీలుకు ఎక్కించేటప్పుడు ఎర్ర లైటు కూడా ఉండకూడదు. ఆ కటిక చీకట్లో చెయ్యి తడబడితే రోలు మొత్తం పోతుంది.

అందుకే మొదటి ఏడాదికి నా ఓటు డిజిటల్‌కే. పాత మోడలైనా పర్వాలేదు, మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే వీలు) ఉంటే చాలు. ఎపర్చరును ఎఫ్/8 నుంచి ఎఫ్/5.6కి తెరిస్తే (ఎఫ్ పక్క అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) వెలుగు రెట్టింపు, షట్టరును 1/125 సెకను నుంచి 1/250కి మారిస్తే సగం. రెండూ చేస్తే వెలుగు మారదు, వెనకున్నవి మాత్రం ఇంకాస్త మసకబారతాయి. చదివితే తలకెక్కని ఈ లెక్క తెర మీద పది నిమిషాల్లో అర్థమవుతుంది. సెట్టింగులన్నీ ఫైలులోనే ఉంటాయి కాబట్టి నెల తర్వాత కూడా చూసుకోవచ్చు.

డిజిటల్‌తో ఉన్న పెద్ద చిక్కు డిలీట్ బటన్. చాలాచోట్ల ఆఖరి ఫోటోతోపాటు, అక్కడికి ఎలా చేరారో చూపే వర్క్‌బుక్‌కూ మార్కులుంటాయి. అందులో పెట్టాల్సిన చెడిపోయిన ఫోటోలనే పిల్లలు అక్కడికక్కడ చెరిపేస్తారు. ఫిల్మ్ కాంటాక్ట్ షీటులో (రోలులోని ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద చిన్నగా వేసిన ప్రింటు) ఆ వీలే లేదు, మంచీ చెడూ వరసగా కనబడతాయి. రెండో ఏడాది ఒక్క ప్రాజెక్టయినా ఫిల్మ్ మీద చేయమనేది ఇందుకే. కెమెరా కొనక్కర్లేదు, స్కూల్లో ఉంటే అడిగి తీసుకోండి.

ఫోను జేబులోనే ఉండనీయండి. దారిలో గోడ మీద నీడ నచ్చితే ఒకటి తీసి పెట్టుకుంటే, మర్నాడు అదే వేళకు కెమెరాతో వెళ్లొచ్చు.