బోడెగా బే: 'ది బర్డ్స్' తీసిన ఊళ్లో ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి

పక్షులు మనుషుల మీద దాడి చేసే ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ సినిమా 'ది బర్డ్స్' చూసి, కాలిఫోర్నియా తీరంలోని బోడెగా బేకి బయలుదేరేవాళ్లు చాలామంది మొదటి గంటలోనే తికమకపడతారు. సినిమాలో ఒక్క ఊరిలా కనిపించేది నిజానికి రెండు ఊళ్లు. బడి ఉన్నది బోడెగాలో, తీరానికి ఐదారు మైళ్లు లోపల. పడవల రేవు, రెస్టారెంటు ఉన్నది బోడెగా బేలో. కాకులు వెంటపడితే పిల్లలు బడి నుంచి పరుగు మొదలుపెట్టేది ఒక ఊళ్లో, సముద్రం కనిపించే వాలు మీద కిందికి దిగేది ఇంకో ఊళ్లో. హిచ్‌కాక్ ఈ రెంటినీ ఎంత నున్నగా అతికించాడంటే, 1963 నుంచి ఇప్పటిదాకా బడి కోసం రేవు చుట్టూ తిరిగేవాళ్లు తగ్గలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సుమారు 70 మైళ్లు. హైవే 101 మీద పెటలూమా దాకా వెళ్లి, అక్కడ ఎడమకు తిరిగి వ్యాలీ ఫోర్డ్ మీదుగా వెళ్తే రెండు గంటల లోపు పని. మొదటి నుంచీ హైవే 1 పట్టుకుంటే దృశ్యం అద్భుతమే గానీ మలుపులకు వెనక సీట్లో పిల్లలకు వాంతులు ఖాయం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కార్లో ఉంటే పెటలూమా దారే మేలు. పెట్రోలు కూడా పెటలూమాలోనే నింపుకోండి, తీరంలో ధర ఎక్కువ.

పెటలూమా దారిలో ముందు తగిలేది బోడెగా. 1873లో కట్టిన పాటర్ స్కూల్ ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉంది. సినిమా వాళ్లు వచ్చేనాటికి పాడుబడిపోయిన కట్టడం, వాళ్లే సరిచేయించుకుని వాడుకున్నారు. ఇప్పుడది ఒకరి ఇల్లు. రోడ్డు మీద నుంచి ఫొటో తీసుకోవచ్చు, గేటు దాటకూడదు, కిటికీల్లోకి తొంగిచూడకూడదు. పక్కన టీచరమ్మ ఇల్లు కోసం వెతక్కండి, అది షూటింగ్ కోసం కట్టిన సెట్టు. కాకులు ఒక్కొక్కటే వచ్చి వాలే ఆటస్థలం కూడా అంతే. కింద ఉన్న తెల్లటి సెయింట్ తెరిసా చర్చి మాత్రం అసలైనదే. ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ఫొటోతో దానికి విడిగా ఒక పేరుంది. మొత్తానికి ఇరవై నిమిషాలు చాలు. ఉదయం తొమ్మిదిలోపు వెళ్తే ముందు కారు అడ్డం ఉండదు.

బోడెగా బేలో 'ది టైడ్స్' రెస్టారెంటు దగ్గర ఆశలు కాస్త తగ్గించుకోవాలి. సినిమాలో చూసిన పాత భవనం కాలిపోయింది. ఇప్పుడున్నది తర్వాత కట్టిన పెద్ద రెస్టారెంటు. పోస్టర్లు, టీషర్టులు, బొమ్మ కాకులు అమ్ముతారు. రేవు వైపు కిటికీ పక్క టేబుల్ దొరికితే డబ్బుకు న్యాయం జరిగినట్టే, లేకపోతే తిండి కోసమే అక్కడ కూర్చోనక్కర్లేదు. పెట్రోలు బంకు మంట దృశ్యంలో పై నుంచి ఊరంతా కనిపించే షాట్ ఎక్కణ్ణుంచి తీశారని కొండలెక్కేవాళ్లున్నారు. అందులో ఊరు చిత్రకారుడు ఆల్బర్ట్ విట్లాక్ గీసిన బొమ్మ, కాబట్టి ఆ కోణం నేల మీద ఎక్కడా దొరకదు.

దొరికేది టేలర్ స్ట్రీట్. హైవే 1 నుంచి పైకెక్కే చిన్న వీధి. పై నుంచి చూస్తే వాలు, దాని చివర నీళ్లు. పిల్లల పరుగు తీసింది ఈ వాలు మీదే. ఇళ్ల మధ్య కాబట్టి కారు కింద పెట్టి నడిచి ఎక్కండి. రెండు నిమిషాలు నిలబడితే సినిమా పనితనం అర్థమవుతుంది: ఏ చీకటి కోటా లేదు, మామూలు వీధి, మామూలు వెలుతురు. నేపథ్య సంగీతం కూడా లేదు. వినిపించే పక్షుల అరుపుల్లో చాలాభాగం ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద పుట్టించినవి. పక్షులు ఎందుకు దాడి చేస్తాయో చివరిదాకా చెప్పరు, 'సమాప్తం' అన్న అక్షరాలూ వేయరు. అరవై ఏళ్లయినా సినిమా పాతబడకపోవడానికి ఇవే కారణాలు. ట్రిక్ షాట్లు కొన్ని మాత్రం ఇప్పుడు తేలిపోతాయి, ఆ మాట దాచక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఎదురొడ్డుకు. సినిమాలో హీరోయిన్ లవ్‌బర్డ్స్ పంజరంతో పడవలో దాటే నీళ్లను మీరు కార్లో చుట్టి రావాలి: ఈస్ట్‌షోర్ రోడ్డు దిగి, వెస్ట్‌షోర్ రోడ్డు పట్టుకుని చివరిదాకా. సినిమాలో హీరో కుటుంబమైన బ్రెనర్ల ఇల్లు ఉన్న ఒడ్డు ఇదే. ఇల్లు లేదు, లోపలి దృశ్యాలు ఎలాగూ యూనివర్సల్ స్టూడియోలో తీసినవి. కానీ తమాషా ఏంటంటే, ఈ నీళ్ల కింద శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ వెళ్తుంది. 1962లో ఇక్కడ షూటింగ్ జరిగేనాటికి, ఈ ఒడ్డున బోడెగా హెడ్ అనే కొండ దగ్గర అణు విద్యుత్ కేంద్రం కట్టాలని పీజీ అండ్ ఈ అనే విద్యుత్ కంపెనీ పట్టుబట్టి ఉంది. ఊరివాళ్లు ఎదురుతిరిగారు, భూకంపం భయం బయటపడింది, 1964లో పథకం మూలపడింది. రియాక్టర్ కోసం తవ్విన గొయ్యి ఇప్పుడు చెరువు. 'హోల్ ఇన్ ది హెడ్' అంటారు, రోడ్డు పక్కనే. బాతులు ఈదుతుంటాయి.

రోడ్డు చివర బోడెగా హెడ్, పార్కింగ్ ఉచితం. జనవరి నుంచి మే దాకా తిమింగలాలు కనిపించే అవకాశం ఉంది, బైనాక్యులర్స్ ఉంటే మంచిది. అంచు దగ్గర మట్టి విరిగిపడుతుంది, కింది రాళ్ల మీద ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి మనిషిని లాక్కుపోతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు. వేసవిలో వచ్చి పొట్టి చేతుల చొక్కాలతో వణకడం ఇక్కడ మామూలే: జులైలో కూడా పొగమంచు, గాలి. ఆకాశం తేటగా ఉండేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో.

తిండి విషయంలో, బోడెగా హెడ్ దారిలో ఉన్న స్పడ్ పాయింట్ క్రాబ్ కంపెనీ క్లామ్ చౌడర్‌కి (ఆల్చిప్పల సూప్) పేరుపొందింది. చిన్న కొట్టు, వారాంతంలో మధ్యాహ్నం లైను పొడుగు. బయట బల్లల మీద తినేటప్పుడు సీగల్స్‌ను కనిపెట్టుకుని ఉండాలి, చేతిలో బ్రెడ్డు మిగలదు. శాకాహారులకు ఈ ఊళ్లో ఫ్రైస్, సలాడ్ మినహా పెద్దగా ఏమీ ఉండదు. పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడమే సుఖం, డోరన్ బీచ్‌లో పిక్నిక్ బల్లలున్నాయి.

సినిమా చోట్లకు ఒక పూట సరిపోతుంది. రాత్రి ఉండాలనుకుంటే, టైడ్స్‌కు ఎదురుగా కొండవాలున 'ఇన్ ఎట్ ది టైడ్స్' ఉంది, రేవు కనిపిస్తుంది. శని, ఆదివారాల్లో గది ధర బాగా పెరుగుతుంది, రెండు రాత్రులు తప్పనిసరి అనడమూ ఉంది. వారం మధ్యలో వెళ్తేనే గిట్టుబాటు. టెంటు వేసేవాళ్లకు రెండు మంచి చోట్లు: డోరన్ పార్కులో ఇసుక గుమ్మం ముందే ఉంటుంది కానీ జెట్టీ వైపు సైట్లలో రాత్రంతా పొగమంచు సైరన్ వినిపిస్తుంది. బోడెగా డ్యూన్స్‌లో నిద్ర పడుతుంది, నీళ్ల దాకా మాత్రం ఇసుకలో నడవాలి. డ్యూన్స్ బుకింగ్ 'రిజర్వ్ కాలిఫోర్నియా' వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు తెరుస్తారు, వేసవి శనివారాలు వెంటనే అయిపోతాయి.

సౌత్ బే (శాన్ హోసే వైపు) వాళ్లకు ఇంకో మాట. 1961 ఆగస్టు 18న సాంటా క్రూజ్ దగ్గర కాపిటోలాలో సూటీ షియర్‌వాటర్ అనే సముద్రపక్షులు గుంపులుగా ఇళ్లకు కొట్టుకుని పడ్డాయి. హిచ్‌కాక్ ఆ వార్త తెప్పించుకున్నాడు. సముద్రపు నాచులో పుట్టే డొమోయిక్ ఆమ్లం విషమే కారణమై ఉంటుందని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. అక్కడ చూపించడానికి ఏమీ లేదు, బీచ్ మాత్రం బాగుంటుంది.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలుపెట్టండి. వ్యాలీ ఫోర్డ్ రోడ్డు మీద దీపాలుండవు, జింకలు అడ్డం వస్తాయి, సిగ్నల్ పోతుంటుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. గోల్డెన్ గేట్ వంతెన టోల్ శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోకి వచ్చేటప్పుడే పడుతుంది, నగదు తీసుకోరు. ఫ్రీమాంట్ వైపు వాళ్లు రిచ్‌మండ్ వంతెన మీదుగా వస్తే ఆ దిశలో టోల్ లేదు.