ఏషియన్ పార్లమెంటరీ, బ్రిటిష్ పార్లమెంటరీ: మొదటి ఏడాది ఏది మేలు?

చెన్నైలో ఇంజినీరింగ్‌లో చేరే మన నెల్లూరు, తిరుపతి, ఒంగోలు పిల్లల్లో చాలామందికి డిబేట్ అంటే స్కూల్లో బట్టీ పట్టి స్టేజి మీద అప్పజెప్పిన మూడు నిమిషాల ప్రసంగమే. కాలేజీ డిబేట్ క్లబ్బులో మోషన్, రిబటల్, విప్ అన్న మాటలు వినగానే ఇది మనకు కాదనుకుని వెనక్కి వచ్చేస్తారు. ఆ మాటల వెనకున్న ఆట తెలిస్తే ఆ భయం పోతుంది.

కాలేజీ స్థాయిలో ఎక్కువగా నడిచేవి రెండు ఫార్మాట్లు. ఏషియన్‌లో ప్రభుత్వం, ప్రతిపక్షం అని రెండు జట్లు, జట్టుకు ముగ్గురు. బ్రిటిష్‌లో నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు. రెండు జట్లు ప్రభుత్వం వైపు, రెండు ప్రతిపక్షం వైపు. రెండింట్లోనూ ఒక్కొక్కరికి 7 నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం తప్ప మధ్యలో ఎప్పుడైనా అవతలివాళ్లు లేచి చిన్న ప్రశ్న వేయొచ్చు. దాన్ని పీఓఐ (పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్) అంటారు. తీసుకోవడం, కూర్చోమనడం మాట్లాడేవాళ్ల చేతిలో ఉంటుంది.

‘ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలను ఈ సభ నిషేధిస్తుంది’ అన్న మోషన్, అంటే చర్చకు ఇచ్చే అంశం, వచ్చిందనుకుందాం. ఏషియన్‌లో సిద్ధమవడానికి మామూలుగా 30 నిమిషాలు ఇస్తారు. ప్రధానమంత్రి స్థానంలో ఉన్నవాళ్లు, అంటే ప్రభుత్వ జట్టులో మొదటి స్పీకర్, ముందు హద్దులు గీయాలి: ఏ కాలేజీలు, ఎప్పటి నుంచి, ఇప్పుడు అక్కడ చదువుతున్నవాళ్ల సంగతేమిటి? ప్రతిపక్షం వచ్చి, ‘ఇలా చేస్తే పల్లెటూరి పిల్లలకు మంచి ర్యాంకులు రావు’ అంటుంది. దానికి ప్రభుత్వ జట్టు ‘కానీ పిల్లలు ఎంత టెన్షన్ పడుతున్నారో చూడండి’ అంటే అది రిబటల్ (అవతలివాళ్ల వాదనకు జవాబు) కాదు, మన వాదన మళ్లీ మనం చెప్పుకోవడమే. ‘ర్యాంకు తోటివాళ్లతో పోలిస్తే వచ్చేది. అందరికీ ఆ హాస్టల్ చదువు ఆగిపోతే పోటీ అందరికీ ఒకేలా మారుతుంది, సీట్లు మాత్రం తగ్గవు’ అంటే అది రిబటల్. దానికి ప్రతిపక్షం ‘ఒకేలా మారదు, సిటీలో డబ్బున్నవాళ్లకు కోచింగ్ ఇంటి పక్కనే దొరుకుతుంది’ అని తిప్పికొట్టిందంటే, అక్కడ అసలు డిబేట్ మొదలైనట్టు. మూడో స్పీకరైన విప్ పని ఈ పేచీని విప్పి, ఎవరి మాట నిలబడిందో చూపించడం. చివర్లో ఒక్కో జట్టుకు 4 నిమిషాల రిప్లై, అంటే ముగింపు ప్రసంగం, ఉంటుంది. అందులో కొత్త వాదన తేకూడదు, ముందు ప్రతిపక్షమే మాట్లాడాలి.

ఇదే మోషన్ బ్రిటిష్‌లో వస్తే చేతిలో 15 నిమిషాలే. రెండో సగంలో మీ వంతు వచ్చిందంటే నలుగురు మాట్లాడేదాకా ఆగాలి. మీరు రాసుకున్నవన్నీ మీ వైపు మొదటి జట్టే చెప్పేస్తే, అప్పటికప్పుడు వాళ్లు తాకని కొత్త కోణం పట్టుకోవాలి. దాన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. పోనీ వాళ్ల మాటను కాదందామా అంటే కుదరదు. సొంత పక్షాన్నే పొడిచినట్టవుతుంది, జడ్జీలు దాన్ని తప్పుగానే చూస్తారు. చివరికి నాలుగు జట్లకూ 3, 2, 1, 0 పాయింట్లు. అంటే మీ వైపు జట్టు కూడా మీకు పోటీయే.

బ్రిటిష్‌కు ఉన్న బలం చిన్నది కాదు. ప్రపంచ యూనివర్సిటీల డిబేట్ ఛాంపియన్‌షిప్ నడిచేది ఈ ఫార్మాట్‌లోనే. 2014 పోటీలు మన చెన్నైలోనే జరిగాయి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఆ పోటీల్లో వేరే విభాగం కూడా ఉంది. యాసను బట్టి కాదు, వాదన నమ్మించిందా లేదా అన్నదాన్ని బట్టే తీర్పు ఇవ్వాలి. ఇంటర్ దాకా తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో పరీక్ష రాసినవాళ్లకు ఇది పెద్ద ధైర్యం.

అయినా మొదటి ఏడాది ఏషియనే మేలని గట్టిగా చెబుతాను. అందులో ఓడిపోతే ఎందుకు ఓడిపోయామో అర్థమవుతుంది. ఎదురుగా ఒక్క జట్టే కాబట్టి ఏ వాదన ఎక్కడ తెగిందో జడ్జి వేలుపెట్టి చూపించగలరు. బ్రిటిష్‌లో నాలుగో స్థానం వచ్చిన కొత్తవాళ్లకు మూడు జట్లతో పోలికలు వినేసరికి తల తిరుగుతుంది. పైగా ముగ్గురున్న జట్టులో భయపడేవాళ్లకూ చోటుంటుంది: ఇద్దరు సీనియర్ల మధ్య రెండో స్పీకర్‌గా నిలబడితే హద్దులు గీసే బరువు ఉండదు, మొత్తం చిక్కు విప్పే బరువూ ఉండదు. ఒక రిబటల్, ఒక వాదన చక్కగా చెబితే చాలు.

సిద్ధమవడానికి ఇచ్చే ఆ 30 నిమిషాలు తెలుగులో మాట్లాడుకోండి. తోటివాళ్లలో తెలుగు రానివాళ్లుంటే కనీసం మీ పాయింట్లైనా తెలుగులో రాసుకోండి. ప్రిపరేషన్‌కు మార్కులు లేవు, వాదనకే ఉన్నాయి. ‘అలా ఎందుకు?’ అని పక్కవాళ్లు మూడుసార్లు అడిగినా జవాబు చెప్పగలిగితే ఇంగ్లిష్‌లో పెట్టడం కష్టం కాదు.

రెండో ఏడాది బ్రిటిష్‌కు మారండి. అప్పటికి రిబటల్ అలవాటై ఉంటుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ ఒక్కటే కొత్తగా నేర్చుకోవాలి. పార్ట్‌నర్‌గా మాత్రం మీకంటే బాగా మాట్లాడేవాళ్లను కాదు, మీ మాట వినేవాళ్లను ఎంచుకోండి. 15 నిమిషాల్లో ఇద్దరూ ఒక దారికి రావాలి.