సూదికి భయపడ్డాను, కషాయాన్ని నమ్మాను

నాలుగేళ్లుగా ఆక్యుపంక్చర్, అంటే ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం, చేయించుకుంటున్నాను. మొదట మైగ్రేన్ కోసం వెళ్లాను, తర్వాత మెడ నొప్పి కూడా తోడైంది. కొత్తవాళ్లకు సూది అంటే టెన్షన్, అక్కడే ఇచ్చే మూలికలంటే ధీమా. నాకూ అంతే ఉండేది. అది తిరగేసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ముందు సూది సంగతి. ఇంజెక్షన్ సూదిని ఊహించుకుని వెళ్లాను. ఇది సన్నటి తీగ, లోపల బోలుగా ఉండదు, మందం పావు మిల్లీమీటరు అటూ ఇటూ. గుచ్చినప్పుడు దోమ కుట్టినంతే. అసలు అనుభవం ఆ తర్వాతే. కాసేపటికి ఆ చోట బరువెక్కినట్టు, తిమ్మిరి పట్టినట్టు, లోపలెక్కడో లాగుతున్నట్టు ఉంటుంది. చైనీస్‌లో దీన్ని 'ద చీ' అంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో 'హెగు' అనే బిందువు ఉంది, అక్కడ నాకిది ప్రతిసారీ గట్టిగా తెలుస్తుంది. అది మామూలే. కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమన్నా, మంట పుట్టినా మాత్రం వెంటనే చెప్పండి. ఒకసారి నేను 'ఇలాగే ఉంటుందేమో' అనుకుని ఇరవై నిమిషాలు పళ్ల బిగువున పడుకున్నాను. చెప్పి ఉంటే క్షణంలో సరిచేసేవారు.

ఇంకోసారి ఖాళీ కడుపుతో వెళ్లి, సూదులు పెట్టగానే కళ్లు తిరిగాయి. అప్పటినుంచి ఏదో ఒకటి తినే వెళ్తున్నాను. సూదులు మన కళ్లముందే సీలు విప్పి తీయాలి, వాడాక పారేయాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా, సూదులు పెట్టేవాళ్లు అడిగేదాకా ఆగకండి, ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు సూదులకు కరెంటు తగిలించే పద్ధతి పనికిరాదు. ఛాతీ దగ్గరో, భుజాల పైభాగంలోనో సూదులు పెట్టాక ఆయాసం వస్తే ఇంటికి కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరితిత్తికి సూది తగలడం చాలా అరుదు కానీ జరగనిది కాదు.

మొదటి రోజు సూదులకన్నా ప్రశ్నలే ఎక్కువ. నిద్ర, చెమట, విరేచనం అన్నీ అడిగారు. నాలుక చూశారు, రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి నాడి పట్టారు. చివర్లో 'మీకు కాలేయంలో యాంగ్ (చైనా వైద్యంలో వేడి, చురుకు శక్తి) పైకి ఎగసింది' అన్నారు. నాకు గుండె జారిపోయింది. వారం తిరక్కముందే లివర్ పరీక్షలు చేయించుకున్నాను, అన్నీ బాగానే ఉన్నాయి! వాళ్ల 'కాలేయం' స్కానింగులో కనిపించే కాలేయం కాదని, వాళ్ల పరిభాషలో అదొక లక్షణాల మూట అని తర్వాత అర్థమైంది. ఈ ముక్క మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక ఫలితం. మొదటి సిట్టింగ్‌తో ఏమీ తేలదు. తలనొప్పి వచ్చిన రోజులు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. నెలకు తొమ్మిది రోజులు వచ్చేది పది సిట్టింగుల తర్వాత ఐదుకు దిగింది. నా మటుకు అది పెద్ద ఊరటే. అయితే ఒక మాట దాచకూడదు. అసలు చికిత్సలా అనిపించేలా పెట్టే ఉత్తుత్తి సూదులతో పోల్చి చూసిన పరీక్షల్లో అసలు సూదులకూ వాటికీ తేడా తరచూ కొద్దిపాటిదే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా, మందులు పడనివాళ్లకు మైగ్రేన్ రాకుండా పది సిట్టింగుల దాకా ఆలోచించవచ్చని 2012లో చెప్పింది, నడుం నొప్పికి మాత్రం వద్దని 2016లో తేల్చింది. కాబట్టి 'అన్నిటికీ పనిచేస్తుంది' అనేవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్త.

కషాయం కథ వేరు. రెండో ఏడాది మూలికల పొట్లాలు ఇచ్చారు. మూలికలే కదా, ఏమవుతుందిలే అని తాగాను. నెలన్నరకు పాదాలు వాచాయి, మాత్రలతో అదుపులో ఉన్న బీపీ పెరిగింది, రక్తపరీక్షలో పొటాషియం తగ్గింది. 'కొత్తగా ఏమైనా వాడుతున్నారా?' అని మా డాక్టరు అడిగేదాకా కషాయం గుర్తుకే రాలేదు. అందులో అతిమధురం ఉంది. చైనా కషాయాల్లో చాలావాటిలో ఉంటుంది. ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో తీసుకుంటే అది సరిగ్గా ఇదే చేస్తుంది. ఆపేశాక నెమ్మదిగా సర్దుకుంది.

నాది చిన్న దెబ్బే. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన క్యాప్సూళ్లలో ఒక మూలిక బదులు అరిస్టొలోకిక్ ఆమ్లం ఉన్న మరో మూలిక చేరింది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. అలాగని మూలికల్లో ఏమీ లేదనను. మలేరియాను తగ్గించే ఆర్టెమిసినిన్‌ను చైనా మూలికలోంచే తీశారు, అందుకు చైనా శాస్త్రవేత్త తూ యోయోకు 2015లో నోబెల్ వచ్చింది. కానీ దాన్ని విడదీసి, మోతాదు తేల్చి, పరీక్షించి మరీ ఇచ్చారు. నా పొట్లం మీద పేరు కూడా లేదు.

ఇప్పుడు నెలకోసారి సూదులకు మాత్రమే వెళ్తున్నాను. మైగ్రేన్ మాత్రలు డాక్టరు తగ్గించమన్నంతే తగ్గించాను. ఈమధ్య మళ్లీ కషాయం ఇస్తామన్నారు. అందులో ఏమేం ఉన్నాయో లాటిన్ పేర్లతో రాసివ్వండి, డాక్టరుకు చూపించాలి అన్నాను. వచ్చేసారి ఇస్తామన్నారు. మూడు 'వచ్చేసార్లు' అయ్యాయి.