బెజవాడ ఇంట్లో ఆటోమేటిక్ వాటర్ లెవెల్ కంట్రోలర్: పొంగడం ఆగింది, లీకేజీ మాత్రం మనమే పట్టుకోవాలి

ట్యాంకు నిండి డాబా మీద నుంచి నీళ్ళు రోడ్డు మీదకి కారిపోవడం ఆపాలి అనుకుంటే ఈ కంట్రోలర్ కళ్ళు మూసుకుని కొనొచ్చండి, ఆ పని మాత్రం చాలా బాగా చేస్తుంది. కానీ ఇది పెట్టించుకుంటే ఇంట్లో నీళ్ళు వృథా పోవడం మొత్తం ఆగిపోతుందని షాపు వాళ్ళు చెప్తారు చూడండి, అది నిజం కాదు. ఇంకా చెప్పాలంటే ఇది పెట్టాక లీకేజీ బయటపడటం ఆలస్యమవుతుంది. అదెలాగో చెప్దామనే ఇంత పొడుగు రాస్తున్నా, కొనే ముందు ఒకసారి పూర్తిగా చదవండి.

ముందు మా ఇంటి సంగతి. గుణదలలో పాత ఇల్లు, కింద అమ్మానాన్న, పైన మేము, డాబా మీద 1000 లీటర్ల ట్యాంకులు రెండు, ఒకటి కృష్ణా నీళ్ళకి ఇంకోటి బోరు నీళ్ళకి. కార్పొరేషన్ కుళాయి పొద్దునొకసారి సాయంత్రం ఒకసారి వస్తుంది, ఆ నీళ్ళు సంపులోకి దిగుతాయి, అక్కడి నుంచి మోటర్ వేసి పైకి ఎక్కించాలి. వంటకీ తాగడానికీ స్నానాలకీ కృష్ణా నీళ్ళు, బాత్రూం ఫ్లష్‌కీ వాకిలి కడగడానికీ మొక్కలకీ బోరు. మోటర్ వేసి మర్చిపోవడం అనేది ప్రతి ఇంట్లో ఉండేదే, పక్కింటావిడ కేకేస్తే గానీ తెలియదు. అందుకే 2022లో కంట్రోలర్ పెట్టించాం, బాక్స్, సెన్సర్లు, వైరు, ఎలక్ట్రీషియన్ కూలీ అన్నీ కలిపి ఐదు వేల లోపే అయింది.

పని చేసే తీరు చాలా సింపుల్. ట్యాంకులో పైన ఒక సెన్సర్, కింద ఒక సెన్సర్, సంపు అడుగున ఇంకొకటి. పై ట్యాంకులో నీళ్ళు కింది సెన్సర్ కంటే తగ్గితే మోటర్ దానంతటదే ఆన్ అవుతుంది, పై సెన్సర్‌కి తగిలితే ఆగిపోతుంది, సంపులో నీళ్ళు లేకపోతే అసలు మోటర్ వెయ్యదు. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం, దీన్నే డ్రై రన్ ప్రొటెక్షన్ అంటారు. నీళ్ళు లేకుండా మోటర్ తిరిగితే సీల్ పోతుంది, వైండింగ్ అంటే లోపలి తీగల చుట్ట కాలుతుంది. నీళ్ళలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటర్ అయితే దాని చుట్టూ ఉన్న నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి కాబట్టి ఇంకా త్వరగా పోతుంది. బోరులోకి సెన్సర్ దింపడం కుదరదు కదా, అందుకని బోరు మోటర్‌కి కరెంట్ ఎంత లాగుతోందో చూసి ఆపే రకం తీసుకోవాలి, నీళ్ళు రాకపోతే లోడ్ తగ్గి ఆంపియర్లు పడిపోతాయి, దాన్ని బట్టి ఆపేస్తుంది. కొనేటప్పుడు ఈ మాట గట్టిగా అడగండి.

ఇప్పుడు అసలు విషయం. ఒకరోజు సాయంత్రం అమ్మ పైకొచ్చి, ఏరా, మధ్యాహ్నం నువ్వు ఆఫీసులో, పిల్లలు బడిలో, నేనేమో పొద్దున్నే బట్టలు ఉతికేసుకున్నా, మరి మోటర్ ఎందుకు తిరిగింది అని అడిగింది. చూడటానికి అంతా బాగానే ఉంది, ఎక్కడా చుక్క కారట్లేదు, ట్యాంకు నిండుగా ఉంది. అసలు ఇబ్బంది అదే. కంట్రోలర్ లేని రోజుల్లో లీకేజీ ఉంటే ట్యాంకు త్వరగా అయిపోయేది, పొద్దున వేసిన మోటర్ సాయంత్రానికే మళ్ళీ వెయ్యాల్సొచ్చేది, ఎక్కడో తేడా ఉందని మనకే తెలిసేది. ఇప్పుడు ఎన్ని నీళ్ళు పోతే అన్ని నీళ్ళు ఇది మనకి తెలియకుండానే నింపేస్తూ ఉంటుంది, మనకి కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి కాబట్టి అనుమానమే రాదు. అమ్మకి మోటర్ చప్పుడు టైములు తెలుసు కాబట్టి దొరికింది గానీ లేకపోతే కరెంట్ బిల్లు చూసి కూడా ఏసీ వల్లేమో అనుకునేవాళ్ళం.

ప్లంబర్ అన్న వచ్చి కింద బాత్రూం గోడ మీద చెయ్యి పెట్టి చూసి, బకెట్ కుళాయి దగ్గర టైల్ ఒకటి తట్టి, బోలుగా మోగుతోంది ఇక్కడే అన్నాడు. టైల్ జాగ్రత్తగా తీశాక లోపల సిమెంటు నల్లబడి మెత్తగా చేత్తో గీకితే వచ్చేసేలా ఉంది, దాని వెనక ప్లాస్టిక్ ఎల్బో, అంటే పైపు మలుపు దగ్గర వేసే ముక్క, దాని మరల దగ్గర వెంట్రుక మందం చీలిక. ఊరికే చూస్తే కనపడదు, గుడ్డతో తుడిచి చూస్తే సన్నటి తీగలాగా నీళ్ళు వస్తున్నాయి. ఇత్తడి కుళాయిని ప్లాస్టిక్ మరల్లోకి స్పానర్‌తో బిగించి తిప్పితే ప్లాస్టిక్ చీలుతుందంట, అప్పటికప్పుడు చీలదు, ప్రెషర్‌కి నెమ్మదిగా సాగి సాగి ఎప్పటికో చీలుతుంది. ఇప్పుడు కుళాయి తగిలే ప్రతి చోటా లోపల ఇత్తడి మరలు ఉండే బ్రాస్ ఎల్బో వేయించాం, ప్లాస్టిక్ దాని కంటే రేటు ఎక్కువే కానీ గోడ పగలగొట్టి టైల్ మళ్ళీ అతికించే ఖర్చుతో పోలిస్తే లెక్కలోది కాదు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు ఈ ఒక్క విషయంలో కక్కుర్తి పడకండి ప్లీజ్.

అప్పట్నుంచి నేను చేసే పని ఇది, మీరూ చేయండి. రాత్రి అందరూ పడుకునే ముందు కంట్రోలర్‌ని ఆటో నుంచి ఆఫ్‌లో పెట్టి, డాబా మీదకెళ్ళి ట్యాంకులో సన్న పీవీసీ గొట్టం నిలువుగా దించి నీళ్ళ మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టడం, తెల్లారి ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్ళీ దించి చూడటం. 1000 లీటర్ల గుండ్రటి ట్యాంకు అడ్డం సుమారు 110 సెంటీమీటర్లు ఉంటుంది, ఆ లెక్కన మట్టం ఒక్క సెంటీమీటర్ తగ్గిందంటే దాదాపు 9, 10 లీటర్లు పోయినట్టు. రాత్రి ఎవరైనా బాత్రూంకి లేస్తే ఆ ఫ్లష్ కలుపుకోండి, అంతకు మించి తగ్గితే ఎక్కడో పోతోందని అర్థం. అప్పుడు మర్నాడు రాత్రి కింది ఇంటి లైను గేట్ వాల్వ్ కట్టేసి చూడండి, తగ్గకపోతే లీకు కింద ఉన్నట్టు, అప్పటికీ తగ్గితే పైన. ఇలా ఒక్కో వాల్వ్ కట్టుకుంటూ వస్తే గోడలన్నీ పగలగొట్టకుండా ఏ లైనో తేలిపోతుంది. దీనికోసమే ట్యాంకు కింద ప్రతి లైనుకీ విడిగా వాల్వ్ పెట్టించుకోవాలి, మా పాత ఇంటికి ఒకటే ఉండేది, లీకు దొరికిన తర్వాత విడివిడిగా వేయించాం.

ఇంకో లెక్క కూడా ఉంది. డ్రైనేజీ ఉన్న ఊళ్ళకి మనిషికి రోజుకి 135 లీటర్లు అని మన దేశంలో ఇంజినీర్లు లెక్క వేస్తారు. నలుగురుంటే 540. అంటే 1000 లీటర్ల ట్యాంకు ఇంచుమించు రెండ్రోజులు రావాలి. ఇంటికి చుట్టాలు లేరు, దుప్పట్లు ఉతకలేదు, అయినా రోజూ ట్యాంకు ఖాళీ అవుతుంటే వాడకం సంగతి తర్వాత, ముందు లీకేజీ చూడండి.

గోడల కంటే ముందు చూడాల్సింది ఫ్లష్ ట్యాంక్. చప్పుడు చెయ్యకుండా నీళ్ళు పోయేది ఎక్కువగా అక్కడే. ట్యాంకు మూత తీసి మిఠాయిల్లో వేసే రంగు నాలుగు చుక్కలు వేసి, ఒక అరగంట ఎవరినీ ఫ్లష్ చెయ్యొద్దని చెప్పి, తర్వాత కమోడ్‌లో చూడండి, రంగు కనిపిస్తే అడుగున ఉండే రబ్బరు వాషర్ పోయినట్టే. మా బోరు నీళ్ళకి ఆ వాషర్ మీద తెల్లగా సున్నం పేరుకుని సరిగ్గా కూర్చోదు, మార్చుకోవడం చాలా తేలిక, ప్లంబర్ కూడా అక్కర్లేదు. కారే కుళాయిల సంగతంటారా, కింద లీటరు మగ్గు పెట్టి గంటలో నిండిందంటే రోజుకి 24 లీటర్లు, ఎవరికి వాళ్ళు లెక్క వేసుకోవచ్చు.

ఇక కాలాల వారీగా ఈ కంట్రోలర్ ఎలా ఉందో చెప్తా. ఎండాకాలం దీని విలువ తెలుస్తుంది. బ్యారేజీ నుంచి కాలవలకి నీళ్ళు ఆపేశాక మా వీధిలో బోర్లు మెల్లగా కిందికి దిగుతాయి, మోటర్ కాసేపు నీళ్ళు కాసేపు గాలి లాగుతుంది, అప్పుడు డ్రై రన్ ప్రొటెక్షన్ లేకపోతే మోటర్ దక్కదు. రోహిణి కార్తెలో డాబా మీద పైపుల మీద చెయ్యి పెట్టలేం కదా, ఎండ తగిలే పీవీసీ పైపు కొన్నేళ్ళకి రంగు వెలిసి పెళుసుబారిపోతుంది, వేడికి సాగి రాత్రికి ముడుచుకుని జాయింట్లు వదులవుతాయి. అందుకని మార్చిలోనే పైపులకి తెల్ల పెయింట్ వేయిస్తాం, కుదిరిన చోట గోనెపట్టా చుట్టి కడతాం. ఎంసీల్ పెట్టి నెట్టుకొచ్చిన జాయింట్ ఏదన్నా ఉంటే అది కూడా ఎండలు ముదరకముందే కోసి కొత్తది వేయించేయాలి, మే నెలలో ప్లంబర్లు దొరకరు. ఏసీ నీళ్ళు బకెట్లో పట్టి గది తుడవడానికి వాడతాం, ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు కూడా అంతే, మనం పట్టుకునే నీళ్ళ కంటే అది బయటికి వదిలేవే ఎక్కువ. ఆర్వో నీళ్ళని రోజూ మొక్కలకి పోస్తే మాత్రం ఉప్పుకి మట్టి పాడవుతుంది, బాత్రూం కడగడానికి బెస్ట్.

వానాకాలంలో మాకు వచ్చిన తంటా ఏంటంటే, వర్షం పడిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీగా ఉన్నా బాక్స్‌లో ఫుల్ అని లైటు వెలిగేది, మోటర్ ఆన్ అయ్యేది కాదు. కారణం డాబా మీద సెన్సర్ వైర్ల జాయింట్, టేపు చుట్టి వదిలేశారు, అది తడిస్తే రెండు వైర్ల మధ్య కరెంట్ పారుతుంది, బాక్స్ దాన్నే నీళ్ళు తగిలినట్టు అనుకుంటుంది. జాయింట్ లేకుండా కింద నుంచి ట్యాంకు దాకా ఒకటే వైరు లాగిస్తే ఆ గొడవ పోయింది. వైరు కొనేటప్పుడే కొలత వేసుకుని ఇంకో రెండు మీటర్లు ఎక్కువ తీసుకోండి.

బాక్స్ ఎక్కడ పెట్టాలి అనేది కూడా మన ఊరికి చాలా పెద్ద విషయం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళ ఇల్లు కింద అంతస్తు మునిగింది, స్టార్టరు, కంట్రోలరు, మోటరు అన్నీ సంపు పక్కన గోడకే ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు. నీళ్ళు తీశాక సంపు మూత ఎత్తితే అడుగున జిగురులాగా బురద, డ్రైనేజీ వాసన, బురద మొత్తం ఎత్తి పోసి, గోడలు బ్రష్‌తో రుద్ది, బ్లీచింగ్ వేసి, మొదట పట్టిన నీళ్ళు మొత్తం పారబోసి, అప్పుడు గానీ ధైర్యంగా వాడుకోలేదు. ఇప్పుడు వాళ్ళూ మేమూ బాక్స్‌లు మెట్ల మలుపులో ఎత్తుగా పెట్టించుకున్నాం, సంపు మూతకి రబ్బరు బీడింగ్ వేయించి చుట్టూ గట్టు కట్టించాం. మామూలు వానకి వాకిట్లో నిలిచిన నీళ్ళు దిగకుండా ఉండటానికి కూడా ఈ గట్టు అవసరం.

చలికాలంలో పెద్దగా చెప్పడానికేం లేదు, వాడకం తక్కువ, గోడల మీద చెమ్మ ఎక్కడుందో తేలిగ్గా కనపడుతుంది, వానలు పోయి చాలా రోజులైనా ఆరని మచ్చ ఉంటే అది పైపుదే. రిపేర్లు అప్పుడే చేయించుకోండి, సంక్రాంతికి ఇల్లు నిండకముందు.

సెన్సర్ల గురించి ఒక ముక్క. స్టీల్ కడ్డీల రకం కృష్ణా నీళ్ళలో చాలా బాగుంది, బోరు ట్యాంకులో మాత్రం సున్నం పట్టి నీళ్ళు తగిలినా తెలుసుకోదు, అప్పుడు ట్యాంకు పొంగుతుంది. నిమ్మకాయ చెక్కతో గానీ వెనిగర్‌తో గానీ రుద్దితే పోతుంది, కానీ మూడు నెలలకోసారి ఎక్కి రుద్దాలి. ఎప్పుడూ డీసీ కరెంట్ (ఒకే దిశలో పారే కరెంట్) పారుతూ ఉండే చౌక రకాల్లో అయితే కడ్డీ మెల్లగా తినేసుకుపోతుంది. అందుకే బోరు ట్యాంకుకి అయస్కాంతం ఉండే ఫ్లోట్ రకం మార్పించాం, దానికి నీళ్ళలో కరెంట్ పారాల్సిన పనే లేదు, తేలే బుడ్డి పైకి లేస్తే లోపల స్విచ్ మారుతుంది. అది పెట్టాక ఇంతవరకు పొంగలేదు. కొనేవాళ్ళు బోరు నీళ్ళకి నేరుగా ఫ్లోట్ రకమే అడగండి, బాక్స్‌కి ఆటో, మాన్యువల్, ఆఫ్ మూడూ ఉన్న స్విచ్ ఉందో లేదో చూసుకోండి, ఆఫ్ లేకపోతే పైన చెప్పిన రాత్రి టెస్ట్ చేయడం కష్టం. మోటర్ రోజుకి ఎంతసేపు తిరిగిందో చూపించే మోడల్ దొరికితే రెండు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి, మాదాంట్లో అది లేదు, మా అమ్మ చెవులే మాకు మీటర్.