మినీవ్యాన్ క్యాటలిటిక్ కన్వర్టర్: చవక రకం, ఒరిజినల్ రెండూ ఏళ్ల తరబడి వాడాక

ముందే తీర్పు చెప్పేస్తాను. లక్ష మైళ్లు దాటిన వీ6 (ఆరు సిలిండర్ల) మినీవ్యాన్‌లో పీ0420 కోడ్ (పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని బండి కంప్యూటర్ ఇచ్చే సంకేతం) పడగానే ఆన్‌లైన్‌లో కనిపించిన అతి చవక కన్వర్టర్ తెచ్చి బిగించడం డబ్బు దండగ. ఒరిజినల్ వేయించండి, లేదా కాలిఫోర్నియా ఆమోదం నంబరు ఉన్న ఆఫ్టర్‌మార్కెట్ రకం (వేరే కంపెనీ తయారుచేసినది) వేయించండి. ఏది వేసినా పాతది ఎందుకు పోయిందో తేలాకే వేయండి. కన్వర్టర్ తనంతట తాను పాడవడం అరుదు. ఎక్కువసార్లు దాన్ని పాడుచేసేది ఇంజనే.

టొయోటా సియెన్నా (2020 మోడల్ దాకా), హోండా ఒడిస్సీ లాంటి బళ్లలో వీ6 ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, ఒక్కో సిలిండర్ల వరసకు ఒక కన్వర్టర్. పీ0420 అంటే బ్యాంక్ 1, అంటే డ్యాష్‌బోర్డు వైపు గోడకు ఆనుకుని ఉండే వెనక వరస. పీ0430 అంటే రేడియేటర్ వైపున్న ముందు వరస. ఇది తెలియక ముందున్న కన్వర్టర్ మార్చి, కోడ్ పోలేదని తల పట్టుకునేవాళ్లు ఉన్నారు. వెనక వరస సిలిండర్లు సియెన్నాలో 1, 3, 5. ఒడిస్సీలో 1, 2, 3.

కన్వర్టర్ రెండు రకాలుగా పోతుంది, లక్షణాలూ వేరు. మొదటిది శక్తి తగ్గిపోవడం. లోపలి సన్న గళ్ల పింగాణీ దిమ్మ బాగానే ఉంటుంది కానీ దాని మీది ప్లాటినం, పలాడియం, రోడియం పూత పనిచేయడం మానేస్తుంది. బండి మామూలుగానే నడుస్తుంది, మైలేజీ తగ్గదు, చెక్ ఇంజన్ లైటు ఒక్కటే సాక్ష్యం. రెండోది దిమ్మ కరిగి మూసుకుపోవడం. అప్పుడు హైవే ఎక్కే ర్యాంపు మీద పికప్ ఉండదు, ఎంత తొక్కినా బండి గుంజదు, ఇంజన్ వేడెక్కేకొద్దీ ఇంకా మొండికేస్తుంది. దిమ్మ పగిలితే ఐడిల్‌లో రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు చప్పుడు వస్తుంది. చల్లారిన కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తడితే తెలిసిపోతుంది. కుళ్లిన గుడ్ల వాసన మాత్రం నమ్మదగ్గ గుర్తు కాదు. పెట్రోలు ఎక్కువ పోతున్నా ఆ వాసన వస్తుంది.

పార్టు ఆర్డర్ చేసే ముందు కనీసం ఇవి చూడండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, మ్యానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ శబ్దం వస్తోందేమో వినండి. ఓ2 (ఆక్సిజన్) సెన్సర్ల దగ్గర సన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి పోయి మంచి కన్వర్టర్‌ను చెడ్డదిగా చూపిస్తుంది. తర్వాత ఓబీడీ రీడర్‌లో (బండి కంప్యూటర్‌కు తగిలించి కోడ్‌లు చదివే పరికరం) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూడండి. ప్లస్ 10 శాతం దాటినా, మైనస్ 10 కంటే కిందికి పోయినా ముందు ఆ సంగతి చూడాలి. అవి సరిగా ఉంటే బండిని పదిహేను నిమిషాలు నడిపి వేడెక్కించి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి, కన్వర్టర్ తర్వాత ఉండే వెనక ఓ2 సెన్సర్ గ్రాఫ్ పెట్టండి. కన్వర్టర్ బాగుంటే గీత 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. పోయిన దానిలో 0.1 నుంచి 0.9 దాకా గబగబా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. చాలా బళ్లలో ముందు సెన్సర్ ఎయిర్-ఫ్యూయల్ రకం, దాని వోల్టేజీ లెక్క వేరు. రెంటినీ పోల్చి కంగారు పడకండి.

మోడ్ 6 (బండి కంప్యూటర్ తాను చేసుకునే పరీక్షల కొలతలు) చూపించే యాప్ ఉంటే ఇంకా మేలు. క్యాటలిస్ట్ మానిటర్ (కన్వర్టర్‌ను పరీక్షించేది) కింద మీ బండి విలువ, హద్దు పక్కపక్కనే కనిపిస్తాయి. హద్దు కనిష్ఠమో గరిష్ఠమో చూసుకుని చదవాలి. ఆ విలువ నెలనెలా హద్దు వైపు జరుగుతుంటే లైటు వెలగకముందే సంగతి తెలుస్తుంది. నా ఉద్దేశంలో చవక రకాన్నీ ఒరిజినల్‌నూ పోల్చడానికి ఇంతకు మించిన కొలత లేదు.

మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించండి. ఐడిల్‌లో 1.5 పీఎస్ఐ లోపు, 2,500 ఆర్‌పీఎంలో 3 లోపు ఉండాలి. అంతకు మించితే దారి మూసుకుపోయినట్టే.

ఇక అసలు కారణం. ఈ బళ్లలో ముందు మూడు స్పార్క్ ప్లగ్గులు అరగంటలో మారతాయి. వెనక మూడూ అందుకోవడం కష్టం, సియెన్నాలో అయితే ఇన్‌టేక్ ప్లీనమ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే పై భాగం) విప్పాలి, కొత్త గాస్కెట్ వేయాలి. అందుకని చాలామంది వెనకవి వాయిదా వేస్తారు. ఇరిడియం ప్లగ్గులు 1,00,000 నుంచి 1,20,000 మైళ్లకు మార్చాల్సినవి. ఆ తర్వాత గ్యాప్ పెరిగి మిస్‌ఫైర్ మొదలవుతుంది, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, పింగాణీ కరుగుతుంది. చెక్ ఇంజన్ లైటు మినుకు మినుకుమంటే అర్థం అదే. యాక్సిలరేటర్ వదిలి, బండి పక్కకు తీసి ఆపేయండి. కోడ్ పీ0301 నుంచి పీ0306లో ఏదో చూసి (చివరి అంకె సిలిండర్ నంబరు), ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను పక్కదానితో మార్చండి. కోడ్ కాయిల్ వెంట పోతే కాయిల్‌దే తప్పు.

రెండో శత్రువు ఆయిల్. ఇంజన్ ఆయిల్ తాగుతుంటే అందులోని ఫాస్ఫరస్, జింక్ పూత మీద పేరుకుంటాయి. వెయ్యి మైళ్లకు ఒక క్వార్టు తాగే బండికి కొత్త కన్వర్టర్ వేసినా ఎక్కువ కాలం దక్కదు. ముందు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి తిప్పి పంపేది) మార్చి చూడండి, చవకైన పార్టు. హెడ్ గాస్కెట్ నుంచి కూలెంట్ లీకైనా ఇదే గతి.

ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు కరిగిన దిమ్మను బాగుచేయలేవు, పోయిన పూతను తిరిగి తేలేవు. వెనక సెన్సర్‌కు స్పేసర్ పెట్టి కంప్యూటర్‌ను మోసం చేయడం అమెరికా ఫెడరల్ చట్టానికి విరుద్ధం, పైగా పొగ అలాగే వస్తుంది.

ఇప్పుడు వాడకం సంగతి. ధరలో ఒరిజినల్‌కూ చవక రకానికీ మధ్య తేడా చాలావరకు పూతలోని లోహాలదే. నా బండికి చవకది వేసిన కొత్తలో వెనక సెన్సర్ గీత చక్కగా నిలబడింది. ఏడాదిన్నర తిరగకముందే మోడ్ 6 విలువ హద్దు అంచుకు వచ్చి, కోడ్ మళ్లీ పడింది. ప్లగ్గులు కొత్తవే, ఆయిల్ తాగడం లేదు, లీకూ లేదు. ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులు బిగించే అంచు) కూడా కొద్దిగా వంకర, గాస్కెట్ సరిగా కూర్చోలేదు. వారంటీ సంగతీ చూడండి: ఫెడరల్ రకానికి పైకవచం, పైపుల మీద 5 ఏళ్లు లేదా 50,000 మైళ్లు, కానీ పనితీరు మీద 25,000 మైళ్లే. మనకు కావలసింది ఆ రెండోదే. క్లెయిమ్ పెడితే పార్టు ఇచ్చారు, కూలీ ఇవ్వలేదు. వెనక వరసలో పార్టు కంటే కూలీయే నొప్పి. దాని తర్వాత వేసిన ఒరిజినల్‌లో గీత ఇప్పటికీ కదలలేదు.

కాలిఫోర్నియా, కొలరాడో, న్యూయార్క్, మెయిన్ రాష్ట్రాల్లో ఆఫ్టర్‌మార్కెట్ వేస్తే కవచం మీద ఈవో నంబరు (పైన చెప్పిన కాలిఫోర్నియా ఆమోదం నంబరు) ఉన్న రకమే వేయాలి. టెక్సాస్‌లో ఆ నిబంధన లేకపోయినా అదే కొనమంటాను. బండి కొని 8 ఏళ్లు, 80,000 మైళ్లు ఇంకా దాటకపోతే ఫెడరల్ వారంటీ కింద కన్వర్టర్ ఉచితం, డీలర్‌ను అడగండి.

బిగించేటప్పుడు ముందు రాత్రే నట్లకు పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. గాస్కెట్లు, నట్లు కొత్తవి వాడండి. సెన్సర్‌కు 22 మి.మీ. చీలిక సాకెట్, బిగింపు 40–45 న్యూటన్-మీటర్లు. జాయింట్లకు సిలికాన్ పూయొద్దు, సెన్సర్లు పాడవుతాయి. అన్ని బోల్టులూ వదులుగా పెట్టి, పైపులు వరసలోకి వచ్చాకే బిగించాలి.

కోడ్ చెరిపేస్తే మానిటర్లన్నీ మొదటికొస్తాయి. టెక్సాస్‌లోని డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్ టెస్టు (బండి పొగ పరీక్ష) ఇంకా ఉంది. 2001, ఆ తర్వాతి బళ్లకు ఒక్క మానిటర్ మాత్రమే అసంపూర్తిగా ఉండొచ్చు. ట్యాంకు పావుకూ ముప్పావుకూ మధ్య ఉంచి, రాత్రంతా చల్లారిన బండిని హైవే మీద 55–60 మైళ్ల వేగంతో నిలకడగా నడపండి. కొన్ని రోజులు ఇలా నడిపి, రీడర్‌లో క్యాటలిస్ట్ మానిటర్ 'రెడీ' అని చూపించాకే టెస్టుకు తీసుకెళ్లండి.