డి కీ మీద 14 నెలలు

పెట్టె విప్పి నాలుగు లైన్లు కొట్టానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ కేక: "ఏంటండీ ఆ చప్పుడు, గవ్వలాట ఆడుతున్నారా?" అప్పటికీ నేను కొన్నది బ్రౌన్ స్విచ్‌ల మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉండేది. ఈ రంగుల పేర్లు జర్మనీ చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్‌లతో వాడుకలోకి వచ్చినవే. బ్లూ టిక్కుమంటుంది, రెడ్ జారినట్టు దిగుతుంది, బ్రౌన్‌లో మధ్యలో వేలికి చిన్న గతుకు తగులుతుంది. బ్లూ తెచ్చి ఉంటే ఏమనేదో!

నాది అనువాదాల పని. రోజంతా భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు లేఅవుట్ అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగే. అందులో గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి, పొల్లు డి కీ మీద. దాదాపు ఏ ఒత్తు రావాలన్నా డి కొట్టాల్సిందే. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి ఆరు నొక్కులైతే అందులో రెండు డి. పాత రబ్బరు కీబోర్డులో కీ అడుగుదాకా దిగితేగాని అక్షరం పడేది కాదు, సాయంత్రానికి ఎడమ మధ్యవేలు లాగేసేది. ఇందులో 4 మిల్లీమీటర్ల ప్రయాణంలో సగం దిగేసరికే పడిపోతుంది. ఆ సగం వేలికి అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. అలవాటయ్యాక వేలి నొప్పి మాట మర్చిపోయాను.

తొమ్మిదో నెలలో అదే డి పేచీ పెట్టింది. ఒకసారి కొడితే పొల్లు రెండుసార్లు పడేది. ఒత్తు కుదరక అక్షరం పక్కన చుక్కల సున్నా ఒకటి తేలేది. గాలి కొట్టి దుమ్ము దులిపినా రెండు రోజులే. హాట్‌స్వాప్ బోర్డు, అంటే స్విచ్‌లు పీకి మార్చుకోగలిగేది కాబట్టి టంకం పనిలేదు, పుల్లర్‌తో స్విచ్ పీకి ఎఫ్9 స్విచ్‌ని అక్కడ పెట్టాను. తొందరలో ఒక పిన్ను వంగింది. పట్టకారుతో సరిచేసి మళ్లీ నొక్కితే కూర్చుంది. చెడిపోయిన స్విచ్ ఇప్పుడు ఎఫ్9 కింద ఉంది. ఎఫ్9 చివరిసారి ఎప్పుడు నొక్కానో గుర్తే లేదు.

నాకు బాగా కలిసొచ్చింది మాత్రం ఏ కీ ఏం చేయాలో మార్చుకోనిచ్చే వయా సాఫ్ట్‌వేర్. "ఫేస్‌బుక్" అని రాయాలంటే స్ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి పడాలి, లేకపోతే "ఫేస్బుక్" అయి కూర్చుంటుంది. విండోస్‌లో దానికి కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కాలి. ఆ మూడింటినీ కలిపి కుడివైపు ఆల్ట్ కీకి అప్పగించాను. కీబోర్డు పంపేది ఆ మూడు కీలనే కాబట్టి తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. ఒక్క ఈ సౌకర్యానికే పెట్టిన డబ్బు గిట్టుబాటయింది.

ఇక తిట్టుకోవాల్సినవి. ఎత్తు ఎక్కువ. మొదటి నెల మణికట్టు నొప్పి పుట్టి చివరికి ముందు చెక్క పట్టీ పెట్టుకున్నాను. స్పేస్‌బార్ కొత్తలోనే గలగలలాడింది, ఆ పొడుగు కీ ఊగకుండా పట్టే స్టెబిలైజర్ తీగలకు కాస్త గ్రీజు రాస్తే తగ్గింది. ఇంత డబ్బు తీసుకుని ఆ గ్రీజేదో వాళ్లే రాసి ఇవ్వొచ్చు కదా! లైట్లు రెండో రోజే ఆపేశాను. అల్యూమినియం బాడీ, బరువు దగ్గర దగ్గర రెండు కిలోలు. బ్యాగులో వేసుకుని ఆఫీసుకు మోసుకెళ్దామనుకునేవాళ్లు వేరేది చూసుకోండి.

రాత్రి పదకొండు దాటితే మాత్రం పాత రబ్బరు కీబోర్డే బయటికొస్తుంది. బాబు లేస్తే లేపినవాళ్లే మళ్లీ పడుకోబెట్టాలని మా ఇంట్లో రూలు.